సదరు దేశపు సూది

మా ఆఫీసు పేరు సరఫరా గొలుసుల ఆర్థిక భద్రతా సంస్థ. బోర్డు తగిలించిన కొత్తలో, మెళ్లో గొలుసులు తెంచుకుపోయారని ఫిర్యాదు చెయ్యడానికి ఆడవాళ్లు వచ్చేవారు. వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఇది ఆ గొలుసు కాదమ్మా, దేశదేశాల నుంచి సరుకులు మనదాకా వచ్చే వరుసను గొలుసంటారు, అందులో లంకె తెగకుండా మేం కాపలా కాస్తాం అని చెప్పి పంపించేవాణ్ణి. "మరి మా గొలుసు ఎవరు చూస్తారు?" అని అడిగేవారు. వాళ్లకు పోలీసు స్టేషను దారి చూపించేవాణ్ణి.

నా పేరు కాశీపతి. అక్కడ సూపరింటెండెంటుని. మా డైరెక్టరు డాక్టర్ ముక్కామల విశ్వంభర్ గారు పెద్ద చదువు చదివినవారు. మంచివారు కూడాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లంచం ముట్టరు, కేకలెయ్యరు, ఆఫీసు టీకి సొంత డబ్బులిస్తారు. చెడ్డవాడైతే ఎలాగోలా కాళ్లు పట్టుకుని బయటపడవచ్చు, ఇలాంటి మంచివారి చేతిలో పడితే దేవుడే దిక్కు.

ఆయన ఆర్థిక భద్రత మీద ఏదో చల్లని దేశంలో శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన రోజే మీటింగు పెట్టారు.

"మన రాష్ట్రాన్ని ఒక్క దెబ్బతో కుప్పకూల్చాలని శత్రువు సంకల్పిస్తే, ఏ సరుకును ఆపుతాడు?"

నేను కరెంటన్నాను. ఎవరో పెట్రోలన్నారు. టైపిస్టు నాగమణి సెల్‌ఫోన్ డేటా అంది. ఆయన మూడింటికీ తల అడ్డంగా ఊపారు.

"ఇవన్నీ కంటికి కనిపించే దుర్బలత్వాలు. నాకు కావలసింది కనిపించనిది. సరుకు ఎంత చిన్నదైతే అంత వ్యూహాత్మకం. ఆ చోక్ పాయింటును, అంటే పీక నొక్కితే అంతా ఆగిపోయే చోటును, మనం కనిపెట్టాలి."

ఇక జీపు వేసుకుని, చిన్నది ఎక్కడుందా అని జిల్లా అంతా గాలించాం. బోల్టులు చూశాం, బాల్‌బేరింగులు చూశాం, అగ్గిపుల్లలు చూశాం. అన్నీ మన దేశంలోనే తయారవుతున్నాయని తెలిసి డైరెక్టరు గారు చాలా నిరుత్సాహపడ్డారు. చివరికి ఓ రైసుమిల్లు దగ్గర ఆగితే, లోపల బస్తాల మూతులు కుట్టే మనిషి పని ఆపి కూర్చుని ఉన్నాడు. పక్కన తుపాకీలాంటి కుట్టుమిషను.

"ఎందుకు ఆపారు?" అన్నారు డైరెక్టరు గారు.

"సూది ఇరిగిందండి."

"విరిగితే?"

"కుట్టలేమండి."

"కుట్టకపోతే?"

"బస్తా కదలదండి."

"బస్తా కదలకపోతే?"

"లారీ కదలదండి. ఇంకో సూది తెత్తన్నారు, ఇప్పుడే అయిపోద్దండి."

చివరి మాట ఆయన చెవిన పడలేదు. సూదుల డబ్బా తెప్పించి, తిరగేసి, అడుగున రాసింది చదివారు. ఆయన మొహంలో నేనెన్నడూ చూడని ఆనందం కనిపించింది.

"సూపరింటెండెంట్ గారూ, దొరికింది."

డబ్బా మీద ఉన్న దేశం పేరు నేనిక్కడ రాయకూడదు. పేరు రాస్తే దౌత్య సంబంధాలు దెబ్బతింటాయనీ, ఫైళ్లలో 'సదరు దేశం' అనే రాయాలనీ మాకు ఉత్తర్వుంది. సదరు అనాలంటే ముందొకసారి పేరు చెప్పాలి కదండీ అని నాగమణి సందేహపడింది. అందుకని మొదటి సదరు కూడా సదరేనని మరో ఉత్తర్వు ఇచ్చాం.

మర్నాడే బస్తాలు కుట్టే సూది 'అత్యంత కీలక సరుకు' అయింది. సదరు దేశం నుంచి కొనడం నిషేధించాం. కొంటే మిత్రదేశం నుంచే కొనాలని తీర్మానించాం. మిత్రదేశం చాలా సంతోషించి, మంచి అట్టపెట్టెల్లో సూదులు పంపించింది. పెట్టె విప్పితే లోపల అవే డబ్బాలు, అడుగున అదే సదరు దేశం. సూది కోసం సోదికి వెళ్తే పాత రంకులన్నీ బయటపడ్డాయని ఊరికే అనలేదు పెద్దలు. మిత్రుణ్ణి అవమానించకూడదు కాబట్టి సూదులు వెనక్కి పంపి, పెట్టెలు ఉంచుకున్నాం.

"ఇక మిగిలింది వ్యూహాత్మక నిల్వ ఒక్కటే," అన్నారు డైరెక్టరు గారు. "రాష్ట్రంలో ఉన్న ప్రతి సూదినీ సేకరించి భద్రపరచాలి. రేపు సదరు దేశం సరఫరా ఆపేసినా మనం చలించకూడదు."

"మరి ఈలోగా బస్తాలు ఎలా కుడతారండి?" అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. "గత సంవత్సరం సూదులు ఎందుకు తగ్గాయో అధ్యయనం చేయించాను. నూటికి నూరు శాతం, వాడటం వల్లే తగ్గాయి. వాడితే తరిగేది నిల్వ కాదు సూపరింటెండెంట్ గారూ. నిల్వకు అతిపెద్ద ముప్పు శత్రువు కాదు, వాడకం."

మాట తిరుగులేనిది. నేను రాసుకున్నాను.

సూదులన్నీ వచ్చాయి. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాం. తర్వాత చూస్తే తాళం కూడా సదరు దేశానిదే. తాళం తీసి పారేసి, పెట్టెను తెరిచిపెట్టి, దాని పక్కన కుర్చీ వేసి ఓ హోంగార్డును కూర్చోబెట్టాం.

ఇంతవరకూ నాకూ సరదాగానే ఉంది. ఆ సాయంత్రం మా అక్క ఫోను చేసింది.

మా అక్క వరహాలమ్మ డెల్టాలో పెదగరువు అనే ఊళ్లో కౌలుకు చేస్తుంది. బావ నడుం పడిపోయి మంచాన పడ్డప్పటి నుంచి దుక్కి నుంచి నూర్పు దాకా ఆవిడే. వానాకాలపు సార్వా పంట అవగానే ఆసామికి మక్తా, అంటే కౌలు కింద ఒప్పుకున్న వడ్లు, మిల్లు దగ్గరే కొలవాలి. మార్గశిరం దాటేలోగా కొలిస్తే చేను ఆవిడది, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి తెగేసి చెప్పాడు. ఆ చేనే వాళ్ల అన్నం. ఇంకో ఆధారం లేదు.

"ఒరే కాశీ, సూదులు ఎత్తుకుపోయింది మీ ఆఫీసోళ్లేనంట కదా?"

"ఎత్తుకుపోలేదే అక్కా. భద్రపరిచాం."

"ఏదోటి. వడ్లు ఆరబెట్టి బస్తాలకెత్తాను. మూతి కుట్టకపోతే మిల్లోడు తీసుకోనంటన్నాడు. వాయుగుండం అంటన్నారు టీవీలో. పైన బరకం కప్పినా కింద నుంచి నీరు ఊరుద్దిరా. ఏం చెయ్యమంటావు?"

"తాడుతో కట్టేయొచ్చుగా?"

"నిండు బస్తాకి కట్టడానికి మూతెక్కడ మిగులుద్దిరా, నీ చదువు తగలెయ్య. సర్లే, పాతకాలంలాగా దబ్బనం పెట్టి చేత్తో కుట్టిత్తాను."

దబ్బనమంటే గోనెలు కుట్టే పెద్ద సూది, ప్రతి రైతు ఇంట్లో చూరులో గుచ్చి ఉండేదే. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు డైరెక్టరు గారితో సంతోషంగా ఆ మాట అన్నాను. ఏం బుద్ధి పుట్టిందో, నా నోరు ఊరుకోలేదు.

"దబ్బనమా?" అన్నారు ఆయన ముందుకు వంగి. "అంటే ప్రత్యామ్నాయ కీలక సరుకన్నమాట. దీని మూలం ఏ దేశం?"

"తెలియదండి. మా తాతల నాటి నుంచీ చూరులో ఉంటాయి."

"మూలం తెలియని సరుకే అసలు ప్రమాదం. సదరు దేశానిదని తెలిస్తే జాగ్రత్తపడతాం. తెలియనిదాన్ని ఏం చేస్తాం?"

వారం తిరక్కుండా డెల్టాలోని దబ్బనాలన్నీ ఇనప్పెట్టెకు చేరాయి. హోంగార్డు కుర్చీ కింద ఇంకో పెట్టె పెట్టాల్సి వచ్చింది.

అక్క బస్సెక్కి ఆఫీసుకే వచ్చింది. కొంగుముడిలో గుప్పెడు వడ్లు తెచ్చుకుంది. నేను వారిస్తున్నా వినకుండా డైరెక్టరు గారి గదిలోకి వెళ్లింది. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించి, టీ తెప్పించారు. అదీ ఆయన మంచితనం.

"అయ్యా, సూదులు మీ పెట్టెలో ఉంటే నా వడ్లు ఎక్కడుండాలండి?"

"అమ్మా, మీ ఆవేదనను ప్రభుత్వం సానుభూతితో పరిగణిస్తోంది. కానీ మీరు దీర్ఘకాలిక దృక్పథంతో ఆలోచించాలి. వడ్లు మన దేశంలో పుష్కలంగా పండుతాయి. కనుక అవి వ్యూహాత్మకం కావు. సూది మన దగ్గర తయారు కాదు. కనుక విలువైనది సూది."

"సూది తింటామేంటండి?"

"ఆహార భద్రత వేరే శాఖ చూస్తుందమ్మా."

అక్క కొంగుముడి విప్పి, వడ్లు టేబులు మీద పోసింది. "చూడండి. ఇప్పటికైతే గలగలలాడతన్నాయి. ఒక్క వాన పడితే మొలకలెత్తిపోతాయి. ఆసామి చేను లాగేసుకుంటాడు. నా మొగుడు మంచాన ఉన్నాడు బాబూ. దబ్బనం ఒక్కటి ఇప్పించండి, కుట్టుకుని తిరిగిచ్చేత్తాను."

ఆయనకు నిజంగానే కళ్లు చెమర్చాయి. "ఒక్కటి తీస్తే నిల్వ నిల్వగా ఉండదమ్మా, వాడితే తరిగిపోతుంది," అన్నారు మెల్లగా. తర్వాత నాతో, ఆ వడ్లకు తేమ తగలకుండా కవర్లో వేసి, 'ప్రజాభిప్రాయం' ఫైలుకు జతపరచమన్నారు.

బస్సు ఎక్కేముందు అక్క, "నువ్వు అక్కడ ఏం పని చేత్తావురా?" అని అడిగింది. అందరూ అడిగేదే, కానీ మా అక్క అడిగితే సిగ్గేసింది.

వాయుగుండం తీరం వైపు తిరిగిన రోజు, పెదగరువులో జరిగిన సంగతి నేను తర్వాత విన్నాను. మబ్బు కమ్ముకొస్తుంటే అక్క బస్తాల మధ్య నిలబడి, ఏడుపొచ్చి కళ్లు తుడుచుకోబోయిందట. చెయ్యెత్తితే గాజులకున్న పిన్నీసులు గలగలమన్నాయి. మనవైపు ఏ ఆడదాని గాజులకైనా నాలుగు పిన్నీసులు వేలాడకుండా ఉంటాయా? ముల్లు తీయడానికీ, కొంగు పెట్టుకోవడానికీ, తెగిన చెప్పుకీ, పిల్లల లాగులకీ అన్నిటికీ అదే. అక్క ఒకటి తీసి, బస్తా పెదాలు రెండూ దగ్గరికి లాగి గుచ్చింది. మూతి విడిపోకుండా ఆగింది. ఇంకోటి గుచ్చింది.

ఆ వీధిలో ఆడవాళ్లంతా వచ్చారట. గాజులవీ, మెళ్లో సూత్రాలవీ, జాకెట్లవీ తీసి ఇచ్చారు. ముసలమ్మలు తుప్పుపట్టినవి కూడా వెతికి తెచ్చారు. చీకటి పడకముందే బస్తాలన్నీ మూతులు పడి, ట్రాక్టరెక్కి, మిల్లు దారి పట్టాయి. అక్క ఫోను చేసి, "ఒరే, నీ ఆఫీసు అక్కర్లేకపోయింది," అంది నవ్వుతూ. నేను జీపులో ఉన్నాను. డైరెక్టరు గారు, నేను, తనిఖీ బృందం దాచిన సూదుల కోసం అదే మిల్లుకు వెళ్తున్నాం.

మిల్లు గేటు దగ్గర ట్రాక్టరును ఆపారు. టార్చి వెలుగులో బస్తాల మూతులు తళతళమన్నాయి.

"ఇవేమిటి?" అన్నారు డైరెక్టరు గారు.

"పిన్నీసులండి," అంది అక్క.

ఒకటి ఊడదీసి, పక్క కొట్టు నుంచి పిన్నీసుల పొట్టం తెప్పించి చూశారు. సదరు దేశం. ఆయన పిన్నీసును టార్చి వెలుగులో తిప్పితిప్పి చూశారు, కోపంతో కాదు, ఆశ్చర్యంతో.

"సూపరింటెండెంట్ గారూ, మనం మిల్లుల్లో వెతుకుతున్నాం. కానీ ఈ రాష్ట్రంలో ప్రతి మహిళా ఒక అప్రకటిత, సంచార, ధరించదగిన నిల్వ. సదరు దేశం మన ఇళ్లలోకి కాదు, మణికట్టు దాకా వచ్చేసింది."

"సార్, ఈవిడ మా అక్కండి. వాన వచ్చేస్తోంది. లోపలికి దించనివ్వండి, పిన్నీసులు పొద్దున్నే నేనే ఏరి తెస్తాను."

"భద్రతకు బంధుత్వం లేదు కాశీపతి గారూ. ఇవి సాక్ష్యాలు. ఈ క్షణమే స్వాధీనం చేసుకోవాలి."

బృందంవాళ్లు వరసగా పిన్నీసులు ఊడదీశారు. ఒక్కొక్క బస్తా నోరు తెరుచుకుంది. మూతి కుట్టని బస్తా దించుకోనని మిల్లు యజమాని గేటు మూయించాడు. అక్క ట్రాక్టరెక్కి బస్తాల మీద పడుకుంది, రెండు చేతులూ చాపి. ఎన్నిటికని అడ్డం పడుతుంది? వాన పెద్దపెద్ద చినుకులతో మొదలైంది. డైరెక్టరు గారు రెయిన్‌కోటు విప్పి పిన్నీసుల డబ్బా మీద కప్పారు.

సూత్రానికి ఉన్న పిన్నీసు మాత్రం అక్కకు వదిలేశారు. మత విశ్వాసాలను గౌరవించాలని ఆయన ఆదేశం.

మూడో పూటకే వడ్లు మొలకలెత్తాయి. అసలు వడ్లకు ఆ మాత్రం తెలివి ఉంటే మన భద్రతా వ్యవస్థను చూసి ఆగాల్సింది. మొలకొచ్చిన వడ్లు మక్తాకు పనికిరావని ఆసామి చేను వేరేవాళ్లకు రాసిచ్చేశాడు. తర్వాత రాష్ట్రమంతటా పిన్నీసులు అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. మా ఆఫీసులో నాగమణి ఒక చేత్తో కొంగు పట్టుకుని, ఒక చేత్తో టైపు కొట్టడం నేర్చుకుంది. మేం పైకి నివేదిక పంపాం: వాయుగుండం వచ్చిన కాలంలో రాష్ట్రంలో ఒక్క సూదికి కూడా నష్టం జరగలేదు.

పైవాళ్లు ముగ్ధులైపోయారు. ఉత్తమ భద్రతా నిర్వహణకు డైరెక్టరు గారికి అవార్డు ప్రకటించారు. సభలో ఆయనకు శాలువా కప్పడానికి లబ్ధిదారైన మహిళా రైతు ఒకరు కావాలన్నారు. మా దగ్గర అడ్రసు ఉన్న మహిళా రైతు మా అక్క ఒక్కతే. రానంటుందనుకుంటే, "వత్తాను. ఆ మడిసిని దగ్గర్నించి ఓసారి చూడాలి," అంది.

సభ ఘనంగా ఉంది. అభినందన విందుల్లో డైరెక్టరు గారు కాస్త ఒళ్లు చేశారు, కొత్త ప్యాంటు బిగుతుగా ఉంది. జ్యోతి ప్రజ్వలన చెయ్యడానికి వంగారు. చిన్న చప్పుడైంది. మైకు దగ్గరగా ఉండటం వల్ల అందరికీ వినపడింది. ఆయన లేచి నిలబడి, పొట్ట దగ్గర ఒక చెయ్యి పెట్టుకుని చిరునవ్వు నవ్వారు. ఆ చెయ్యి మళ్లీ తియ్యలేదు.

వేదిక మీద ఉన్న ఆడవాళ్లందరి వైపూ ఆయన చూపు తిరిగింది. ఎవరి గాజులకూ ఏమీ లేవు. ఉత్తర్వు పక్కాగా అమలైంది. చివరికి శాలువా పట్టుకుని నిలబడ్డ మా అక్క దగ్గర ఆగింది. సూత్రాల పక్కన పిన్నీసు సన్నగా మెరుస్తోంది.

"అమ్మా," అన్నారు ఆయన పెదవి కదపకుండా, "ఒక పిన్నీసు... అత్యవసరం."

వెనక నిలబడి ఉన్న నాకు స్పష్టంగా వినపడింది. అక్క కంగారు పడలేదు. శాలువా ఆయన భుజాల మీద జాగ్రత్తగా కప్పి, మడతలు సరిచేసింది.

"ఉందండి," అంది. "కానీ వాడితే తరిగిపోద్ది కదండీ."

ఆయన అవార్డును ఒంటిచేత్తో అందుకున్నారు. ప్రసంగం కూడా ఒంటిచేత్తోనే చేశారు. స్వావలంబన అన్న మాట దగ్గర అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తబోయి, సమయానికి గుర్తు తెచ్చుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు.

బస్టాండులో అక్కకు సీటు పట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాను. నాకు ఇంకా నవ్వాగలేదు.

"ఇచ్చేస్తే పోయేదే అక్కా. అంతమందిలో పాపం. ఒక్క పిన్నీసేగా."

అక్క నవ్వలేదు. సూత్రానికున్న పిన్నీసును ఓసారి తడిమి చూసుకుంది.

"నా చేను కూడా ఒక్క పిన్నీసు దగ్గరే పోయిందిరా," అంది.

బస్సు కదిలింది.